బ్రేకు పట్టని కంపెనీ బండి: నడపనని చెప్పే హక్కు, చెప్పే పద్ధతి

"బ్రేకు సరిగ్గా పడతలేదు సార్" అని డ్రైవర్ చెబితే సూపర్‌వైజర్ నుంచి వచ్చే జవాబు గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళందరికీ తెలిసిందే. "ఆజ్ చలావ్ భాయ్, కల్ గ్యారేజ్ భేజేంగే." ఆ 'కల్' మాత్రం రాదు. వారం గడుస్తుంది, నెల గడుస్తుంది. అదే బండి, అదే బ్రేకు, వెనక సీట్లలో సైటుకి వెళ్ళే ఇరవై ముప్పై మంది. నడపనంటే ఉద్యోగం పోతుందని భయం. నడిపితే ఏమవుతుందోనని ఇంకో భయం.

ఈ రెండు భయాల మధ్య ఒక దారి ఉంది. యూఏఈ చట్టాన్ని ఆధారం చేసుకుని ఆ దారి ఏమిటో ఇక్కడ చెబుతున్నాం. ట్రక్కు, పికప్, స్టాఫ్ బస్సు, డెలివరీ బైకు నడిపేవాళ్ళకూ, రోజూ కంపెనీ బస్సెక్కి పనికి వెళ్ళేవాళ్ళకూ ఇది ఉపయోగపడుతుంది. సౌదీ, ఖతార్ సంగతి చివర్లో క్లుప్తంగా ఉంది.

ముందే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: బండిని కాదనండి, పనిని కాదనకండి. నోటితో చెప్పి ఊరుకోకండి, రాసి పంపండి. కింద చెప్పేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

బండి కంపెనీది, లైసెన్సు మీది

చాలామంది డ్రైవర్లు "బండి కంపెనీది, ఏమైనా అయితే కంపెనీ చూసుకుంటుంది" అనుకుంటారు. రోడ్డు మీద లెక్క వేరే ఉంటుంది.

యూఏఈలో అరిగిపోయిన లేదా గడువు తీరిన టైర్లతో బండి నడిపితే 500 దిర్హంల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు పడతాయి. బండిని 7 రోజులు పట్టి ఉంచుతారు. ముల్కియా గడువు తీరిన బండి నడిపినా దాదాపు ఇదే శిక్ష. జరిమానా ఎవరు కట్టాలనే పంచాయితీ తర్వాత తేలొచ్చు గానీ, బ్లాక్ పాయింట్లు మాత్రం ఎక్కేది డ్రైవర్ లైసెన్సు మీదే. 24 పాయింట్లు నిండితే లైసెన్సు సస్పెండ్ అవుతుంది. లైసెన్సు లేని డ్రైవర్‌ని కంపెనీ ఎన్ని రోజులు ఉంచుకుంటుందో మీకు తెలుసు.

ప్రమాదం జరిగితే సంగతి ఇంకా పెద్దది. 2025 మార్చి 29 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం అమల్లోకి వచ్చింది. దాని పేరు 2024 నాటి 14వ ఫెడరల్ డిక్రీ చట్టం. నిర్లక్ష్యంతో ఒకరి మరణానికి కారణమైతే జైలు, 50,000 దిర్హంలకు తగ్గని జరిమానా, లేదా రెంటిలో ఒకటి ఆ చట్టంలో ఉన్నాయి. చనిపోయిన వారి కుటుంబానికి ఇచ్చే దియా అంటే రక్తపరిహారం మనిషికి 2 లక్షల దిర్హంలు. మామూలుగా దాన్ని బీమా కంపెనీ కడుతుంది. బండికి బీమా లేకపోయినా, బీమా షరతులు తప్పినా ఆ భారం డ్రైవర్ దాకా రావచ్చు.

2019 జూన్ 6న మస్కట్ నుంచి దుబాయ్ వచ్చిన బస్సు ఎత్తు అడ్డుకట్టకు గుద్దుకుని 17 మంది చనిపోయారు. వారిలో 12 మంది భారతీయులు. కింది కోర్టు డ్రైవర్‌కి 7 ఏళ్ళ జైలు, 34 లక్షల దిర్హంల దియా విధించింది. జైలు శిక్ష అప్పీల్‌లో తగ్గింది. అది బండి లోపం కేసు కాదు. అయినా ప్రమాదం జరిగాక కోర్టు ముందు నిలబడే మొదటి మనిషి స్టీరింగ్ పట్టుకున్నవాడేనని ఆ కేసు చూస్తే తెలుస్తుంది. "బ్రేకు బాగోలేదని నాకు ముందే తెలుసు, కంపెనీ నడపమంది" అని అక్కడ ఒట్టి నోటి మాట చెబితే, అది మీకే ఎదురు తిరుగుతుంది. తెలిసి కూడా ఎందుకు నడిపావని అడుగుతారు.

చట్టం మీ పక్షాన ఎక్కడెక్కడ ఉంది

యూఏఈలో ప్రైవేటు కంపెనీల కార్మికులకు వర్తించేది 2021 నాటి 33వ ఫెడరల్ డిక్రీ చట్టం. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. "పాడైన బండి నడపనవసరం లేదు" అని అందులో ఒక్క వాక్యంగా రాసి లేదు. కానీ నాలుగు చోట్ల ఉన్న మాటలు కలిపి చదివితే అదే అర్థం వస్తుంది.

ఒకటి, 13వ ఆర్టికల్. పనిలో వచ్చే ప్రమాదాల నుంచి కార్మికుణ్ణి కాపాడే ఏర్పాట్లు చేయడం యజమాని బాధ్యత. డ్రైవర్‌కి పనిచేసే చోటు బండే. కాబట్టి బండి బాగుచేయించడం కంపెనీ చేయాల్సిన పనే, మీ మీద చూపించే దయ కాదు.

రెండు, 45వ ఆర్టికల్. పనిచోట కార్మికుడి ప్రాణానికి, ఆరోగ్యానికి తీవ్ర ప్రమాదం ఉండి, ఆ సంగతి యజమానికి తెలిసి కూడా దాన్ని తొలగించకపోతే, నోటీసు పీరియడ్ లేకుండా ఉద్యోగం వదిలే హక్కు కార్మికుడికి ఉంది. సర్వీసు ముగింపు డబ్బులు కూడా పోవు. ఇక్కడ కీలకమైన మాట "యజమానికి తెలిసి కూడా". కంపెనీకి తెలుసని మీరు చూపించగలగాలి. రాసి పంపమని మళ్ళీ మళ్ళీ చెప్పేది అందుకే.

మూడు, 44వ ఆర్టికల్. నోటీసు లేకుండా కార్మికుణ్ణి తీసేయడానికి యజమానికి ఉన్న కారణాలు ఇందులో లెక్కపెట్టి రాశారు. ప్రాథమిక విధులు చేయడం లేదని తీసేయాలన్నా రాతపూర్వక విచారణ, రెండు హెచ్చరికలు ఉండాలి. ఒకరోజు "ఈ బండి బాగయ్యాక నడుపుతాను" అన్నందుకు మరుసటి రోజే ఇంటికి పంపేయడం దీనికి సరిపోదు.

నాలుగు, 47వ ఆర్టికల్. కార్మిక శాఖకు నిజమైన ఫిర్యాదు చేశాడనే కారణంతో కార్మికుణ్ణి తీసేస్తే అది అక్రమ తొలగింపు. కోర్టు గరిష్ఠంగా 3 నెలల జీతం వరకు పరిహారం ఇప్పించవచ్చు. గ్రాట్యుటీ, నోటీసు పీరియడ్ జీతం లాంటి మిగతా బాకీలు దానికి అదనం.

ఇళ్ళల్లో పనిచేసే హౌస్ డ్రైవర్లకు ఈ చట్టం వర్తించదు. వాళ్ళకు గృహ కార్మికుల చట్టం ఉంది, అది 2022 నాటి 9వ ఫెడరల్ డిక్రీ చట్టం. ఫిర్యాదు చేసే శాఖ మాత్రం ఒకటే.

పొద్దున్నే ఐదు నిమిషాలు

బండి బాగోలేదని చెప్పాలంటే ముందు ఏం బాగోలేదో మీకు స్పష్టంగా తెలియాలి. "బండి మంచిగ లేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. "ఎడమ వెనక టైరు లోపలి వైపు వైరు కనిపిస్తోంది" అంటే కాదనడం కష్టం. తాళం తిప్పే ముందు ఇవి చూడండి.

టైర్లు: పక్కన ఉబ్బు, కోత ఉన్నాయా చూడండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. టైరు పక్క గోడ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. తయారై ఐదేళ్ళు దాటిన టైరును ఇక్కడ గడువు తీరినదిగా చూస్తారు. చూపుకి కొత్తగా కనిపించినా సరే. గాలి తగ్గిన టైరు నడుస్తుంటే మడత పడుతూ లోపల వేడెక్కుతుంది. ఎండాకాలం రోడ్డు వేడి, మోస్తున్న బరువు దానికి తోడైతే పేలిపోతుంది. గాలి చూసేది టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే పొద్దున బయల్దేరే ముందే.

బ్రేకు: బండి కదలక ముందే పెడల్ నొక్కి పట్టుకోండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే నూనె కారుతుందనో, లోపల సీలు పోయిందనో అనుమానించాలి. తొక్కినప్పుడు బండి ఒక పక్కకి లాగినా, ఇనుము రాసుకున్న చప్పుడు వచ్చినా ఆ బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు. గాలి బ్రేకుల బండి అయితే ప్రెషర్ మీటరు ముల్లు పూర్తిగా పైకి వచ్చేదాకా కదలొద్దు.

స్టీరింగు, లైట్లు, వైపర్లు, ఇండికేటర్లు, అద్దాలు, హారన్. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతూ ఉందా. సీటు బెల్టులు పనిచేస్తున్నాయా. బస్సు అయితే తలుపు, అత్యవసర ద్వారం తెరుచుకుంటున్నాయా, నిప్పు ఆర్పే సిలిండర్ గడువు ఉందా.

ముల్కియా, బీమా తేదీలు. ఫోన్‌లో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. "మొన్ననే పాసింగ్ అయింది, బండికి ఏం కాలేదు" అని సూపర్‌వైజర్ అనొచ్చు. పాసింగ్ అయిందంటే పరీక్ష చేసిన రోజు బండి బాగుందని మాత్రమే. ఈరోజు బాగుందని కాదు.

డెలివరీ బైకు అబ్బాయిలకి కూడా ఇదే లెక్క. రెండు బ్రేకులు, రెండు టైర్లు, చెయిను, హెడ్‌లైటు, వెనక పెట్టె బోల్టులు. బైకు మీద ఒక టైరు పోతే కాపాడేందుకు మిగతా మూడు చక్రాలు ఉండవు.

చెక్‌లిస్టు మీద గుడ్డిగా సంతకం పెట్టొద్దు

చాలా కంపెనీల్లో రోజూ డ్రైవర్ చేత ఒక కాగితం నింపిస్తారు. టైర్లు ఓకే, బ్రేకు ఓకే, లైట్లు ఓకే. చూసినా చూడకపోయినా అన్నిటికీ టిక్కు పెట్టి సంతకం చేసేయడం అలవాటైపోయింది. ఈ అలవాటు చాలా ప్రమాదం.

ప్రమాదం జరిగిన రోజు పోలీసులకు, బీమా వాళ్ళకు కంపెనీ చూపించే మొదటి కాగితం అదే. "బ్రేకు బాగుందని మీ డ్రైవరే సంతకం పెట్టాడు" అంటే మీ మాటకు విలువ ఉండదు. అదే కాగితంలో "బ్రేకు మెత్తగా ఉంది, చూడాలి" అని మీరు రాసి ఉంటే మీకు అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. బాగోలేని దానికి టిక్కు పెట్టొద్దు. లోపం రాయండి, తేదీ వేయండి, ఫోటో తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి. రాయనివ్వకపోతే, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమంటే, ఆ సంగతి అదే రోజు మెసేజ్ పెట్టండి.

చెప్పే పద్ధతి

కోపంగా తాళాలు బల్ల మీద పడేసి రూముకి వెళ్ళిపోవడం చాలామంది చేసే పొరపాటు. అప్పుడు కంపెనీకి మీ మీద రాయడానికి దొరికేది "పనికి రాలేదు" అనే మాట. వరుసగా 7 రోజులకు మించి కారణం లేకుండా పనికి రాకపోతే నోటీసు లేకుండా తీసేయవచ్చని చట్టంలో ఉంది. పని వదిలి పారిపోయాడనే రిపోర్టు కూడా వేయొచ్చు. అక్కణ్ణుంచి ఖల్లివెల్లి అయిపోతే, మీ ఫిర్యాదు ఎంత నిజమైనా నిలబడటం కష్టం.

అందుకని డ్యూటీ టైముకి వెళ్ళండి. పంచ్ కొట్టండి. బండి దగ్గర నిలబడి ఫోటోలు, చిన్న వీడియో తీయండి. తర్వాత సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో ఇలా రాయండి:

"సార్, నేను ఈరోజు ఉదయం 4:45కి డ్యూటీకి వచ్చాను. బండి నంబరు ఫలానా. బ్రేకు పెడల్ కిందికి దిగిపోతోంది, కుడి ముందు టైరు పక్కన ఉబ్బింది. ఫోటోలు పంపుతున్నాను. ఈ బండిలో మనుషుల్ని తీసుకెళ్ళడం ప్రమాదం. దయచేసి బాగుచేయించండి లేదా వేరే బండి ఇవ్వండి. నేను డ్యూటీలోనే ఉన్నాను, వేరే పని చెప్పినా చేస్తాను."

ఈ మెసేజ్‌లో ఐదు సంగతులు ఉన్నాయి: మీరు డ్యూటీకి వచ్చారు, ఏ బండి, ఏం లోపం, ఏం కోరుతున్నారు, పనికి సిద్ధంగా ఉన్నారు. చివరి వాక్యం అస్సలు మర్చిపోవద్దు. బండిని కాదన్నారు గానీ పనిని కాదనలేదని రుజువు చేసేది అదే.

ఇంగ్లీషు రాకపోతే తెలుగులో రాసి ఫోన్‌లో అనువాదం చేయించుకోండి. తేదీ, బండి నంబరు, లోపం పేరు మారిపోలేదని ఒకసారి సరిచూసుకోండి. సూపర్‌వైజర్ ఫోన్ చేసి "ఏం కాదు, తీసుకుపో" అంటే, ఫోన్ పెట్టేశాక మళ్ళీ ఒక మెసేజ్ పెట్టండి: "సార్, ఇప్పుడు ఫోన్‌లో మీరు ఇదే బండి నడపమన్నారు. బ్రేకు ఇంకా బాగుచేయలేదు." చాలాసార్లు ఈ రెండో మెసేజ్ పడగానే వేరే బండి దొరుకుతుంది. రాతలో తన పేరు ఉండటం ఏ సూపర్‌వైజర్‌కీ ఇష్టం ఉండదు.

రెండు జాగ్రత్తలు. ఆ ఫోటోలు, వీడియోలు కంపెనీకి, అధికారులకు మాత్రమే చూపించండి. టిక్‌టాక్, ఫేస్‌బుక్‌లో కంపెనీ పేరుతో పెట్టొద్దు. యూఏఈ సైబర్ చట్టం చాలా గట్టిది, పరువు తీశారని, అనుమతి లేకుండా మనుషుల్ని చిత్రీకరించారని తిరిగి మీ మీదే కేసు కావచ్చు. రెండోది, క్యాంపంతా కలిసి పని ఆపేయడం చేయొద్దు. ఇక్కడ సమ్మెకు అనుమతి లేదు. ఎంతమందైనా తలా ఒక ఫిర్యాదు రాయొచ్చు.

కంపెనీ వినకపోతే

హెచ్‌ఆర్‌కి, సేఫ్టీ ఆఫీసర్ ఉంటే ఆయనకి అదే మెసేజ్ పంపండి. అక్కడా కదలిక లేకపోతే మానవ వనరులు, ఎమిరటైజేషన్ మంత్రిత్వ శాఖ ఉంది. మనవాళ్ళు మోహ్రే అంటారు. 80084కి గానీ 600590000కి గానీ ఫోన్ చేయవచ్చు. వాళ్ళ యాప్‌లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. పాస్‌పోర్టు నంబరు లేదా లేబర్ కార్డు నంబరు దగ్గర పెట్టుకోండి.

ఫిర్యాదు వెళ్ళాక శాఖ రెండు పక్షాలనూ పిలిచి రాజీ చేసేందుకు చూస్తుంది. దానికి 14 రోజుల గడువు. తెగకపోతే, 50,000 దిర్హంల లోపు తగాదాను శాఖే తేల్చవచ్చు. అంతకు మించితే కోర్టుకు పంపుతారు. లక్ష దిర్హంల లోపు కేసుకు కార్మికుడు కోర్టు ఫీజు కట్టనక్కర్లేదు. తగాదా వల్ల జీతం ఆగిపోతే, గరిష్ఠంగా రెండు నెలలు జీతం ఇస్తూ ఉండమని శాఖ యజమానిని ఆదేశించవచ్చు.

45వ ఆర్టికల్ ప్రకారం ఉద్యోగం వదిలేద్దామనుకుంటే తొందరపడొద్దు. ముందు శాఖలో ఫిర్యాదు నంబరు తీసుకోండి, వాళ్ళ సలహా అడగండి, తర్వాతే క్యాంపు దాటండి. ఫిర్యాదు నంబరు లేకుండా బయటికి వచ్చిన మనిషి, హక్కుతో వచ్చినా పారిపోయినవాడిలాగే కనిపిస్తాడు.

పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉందని భయపడకండి. కార్మికుడి పత్రాలు పట్టి ఉంచకూడదని అదే 13వ ఆర్టికల్ చెబుతోంది. ఆ సంగతి కూడా ఫిర్యాదులో కలపండి. తెలుగులో, హిందీలో సలహా కావాలంటే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 80046342 ఉంది.

ముఖాలఫా మీ జీతంలో కోస్తే

అరిగిన టైరుకి పడ్డ 500 దిర్హంలు డ్రైవర్ జీతంలో కోసేయడం చాలాచోట్ల జరుగుతోంది. 25వ ఆర్టికల్ ప్రకారం యజమాని ఇష్టం వచ్చినట్టు జీతం కోయడానికి వీల్లేదు. కార్మికుడి తప్పు వల్ల, లేదా యజమాని సూచనలు మీరడం వల్ల కంపెనీ సామాను పాడైతేనే నష్టం కింద కోయవచ్చు. అది కూడా నెలకు 5 రోజుల జీతం దాటకూడదు. దాటాలంటే కోర్టు అనుమతి కావాలి. నెల జీతం 1,500 దిర్హంలు అనుకుంటే రోజుకి 50, ఐదు రోజులకి 250. అంటే మీ తప్పు ఉన్నా సరే, నష్టం పేరుతో ఒక నెలలో 250 మించి కోయడానికి లేదు. అన్ని రకాల కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు.

మరి టైరు మార్చమని మీరు ముందే రాసి ఉంటే అది మీ తప్పే కాదు. ఆ మెసేజ్, జీతం స్లిప్పు రెండూ పట్టుకుని ఫిర్యాదు చేయవచ్చు. స్పీడుగా పోయి, ఫోన్ పట్టుకుని నడిపి తెచ్చుకున్న జరిమానా సంగతి వేరే. దాన్ని దీంతో కలపొద్దు.

దారిలో చెడిపోతే

బయల్దేరాక బ్రేకు తేడా చేసినా, టైరు పోయినా సైటు దాకా ఎలాగోలా లాక్కుపోదామని చూడొద్దు. హజార్డ్ లైట్లు వేసి మెల్లగా కుడి అంచుకి, వీలైతే ఎగ్జిట్ బయటికి తీయండి. నడిరోడ్డు మీద ఆపొద్దు. ప్రాణానికి అదే పెద్ద ప్రమాదం, పైగా కారణం లేకుండా ఆపితే 1,000 దిర్హంలు, 6 బ్లాక్ పాయింట్లు. ఎక్కిన వాళ్ళని రోడ్డు వైపు కాకుండా అవతలి వైపు దించి రెయిలింగ్ వెనక నిలబెట్టండి. బండి వెనక ట్రయాంగిల్ పెట్టండి. ప్రమాదకరమైన చోట ఇరుక్కుంటే 999కి ఫోన్ చేయండి. ఆ తర్వాతే సూపర్‌వైజర్‌కి ఫోన్.

బస్సులో వెనక కూర్చునేవాళ్ళకి

డ్రైవర్ ఒక్కడి మీదే భారం వేయొద్దు. అతనికీ మీలాగే ఊళ్ళో అప్పులుంటాయి, మీలాగే సూపర్‌వైజర్ భయం ఉంటుంది. సీట్లు చాలక నిలబడి వెళ్తున్నారా, బెల్టులు తెగిపోయాయా, తలుపు తాడుతో కట్టారా, సామాన్ల పికప్ వెనక మనుషుల్ని ఎక్కిస్తున్నారా, అవన్నీ మీరు కూడా రాసి పంపవచ్చు. పనికి వెళ్ళేటప్పుడు, పని నుంచి వచ్చేటప్పుడు దారిలో జరిగే ప్రమాదం కూడా ఇక్కడి చట్టం ప్రకారం పని ప్రమాదమే. కాబట్టి ఆ ప్రయాణం భద్రత కూడా కంపెనీ బాధ్యతే. డ్రైవర్ బండి ఆపితే "లేటవుతోంది, పోనీ అన్నా" అని తొందర పెట్టకండి. "నేనూ చూశాను, బ్రేకు బాగోలేదు" అని మీ ఫోన్ నుంచి ఒక మెసేజ్ పెడితే అతనికి కొండంత బలం.

ప్రమాదం జరిగితే వచ్చేవి

పని ప్రమాదంలో గాయపడితే 37వ ఆర్టికల్ ప్రకారం కోలుకునేదాకా వైద్యం ఖర్చు యజమానిదే. చికిత్స నడిచినంత కాలం, గరిష్ఠంగా 6 నెలలు పూర్తి జీతం. ఇంకా కోలుకోకపోతే మరో 6 నెలలు సగం జీతం. మరణిస్తే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం. అది 18,000 దిర్హంల కంటే తగ్గకూడదు, 2 లక్షల దిర్హంలు దాటదు.

లెక్క బేసిక్ మీద అని గమనించండి. బేసిక్ 800 దిర్హంలైతే 24 నెలలకు 19,200. బేసిక్ 600 అయితే 14,400 వస్తుంది గానీ కనీసం 18,000 ఇవ్వాల్సిందే. కాంట్రాక్టులో బేసిక్ తక్కువ, అలవెన్సు ఎక్కువ రాస్తే నష్టపోయేది ఎవరో దీన్నిబట్టి తెలుస్తుంది.

కార్మికుడు కావాలని గాయపరుచుకున్నా, మత్తులో ఉన్నా, గోడ మీద అతికించిన భద్రతా సూచనలు తెలిసీ మీరినా పరిహారం పోవచ్చు. తప్పుడు టిక్కులు పెట్టిన చెక్‌లిస్టు మళ్ళీ ఇక్కడ కూడా మెడకు చుట్టుకుంటుంది. పోలీసు రిపోర్టు, ఆసుపత్రి కాగితాల కాపీలు తీసుకోండి. అర్థం కాని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టొద్దు, ఆసుపత్రి మంచం మీద ఉన్నా సరే.

సౌదీ, ఖతార్‌లో ఉన్నవాళ్ళకి

సౌదీ కార్మిక చట్టం 81వ ఆర్టికల్‌లో, ఖతార్ 2004 నాటి 14వ చట్టం 51వ ఆర్టికల్‌లో కూడా దాదాపు ఇదే మాట ఉంది. ప్రమాదం ఉందని యజమానికి తెలిసి కూడా చర్య తీసుకోకపోతే, నోటీసు లేకుండా పని వదలొచ్చు. కాబట్టి తెలిసేలా రాసి పంపడం అక్కడ కూడా మొదటి మెట్టు. సౌదీలో కార్మిక శాఖ నంబరు 19911. ఫైన్లు, గడువులు, పరిహారం లెక్కలు మాత్రం దేశానికో రకంగా ఉంటాయి. పైన చెప్పిన అంకెలు యూఏఈవి మాత్రమే.

ఊళ్ళో ఉన్న ఇంటివాళ్ళకి

మీ మనిషి ఫోన్‌లో "బండి బాగోలేదు, నడపనన్నాను" అంటే "ఎందుకు గొడవ, సర్దుకుపో" అనకండి. ఆ మాటతో రేపు అతను అదే బండి ఎక్కుతాడు. "రాసి పంపినవా? నాక్కూడా పంపు" అని అడగండి. అతను కంపెనీకి పంపిన మెసేజ్, ఫోటోలు మీ ఫోన్‌లో కూడా ఒక కాపీ ఉండాలి. ప్రమాదంలో అతని ఫోన్ పగిలిపోవచ్చు, మీ దగ్గరున్నది ఉంటుంది.

కాంట్రాక్టు, పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ, లేబర్ కార్డు కాపీలు, కంపెనీ పూర్తి పేరు, క్యాంపు అడ్రసు ఒకచోట పెట్టుకోండి. ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వెళ్ళినవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయలు. ఆ పాలసీ రెండేళ్ళకో మూడేళ్ళకో తీసుకుంటారు. గడువు ఎప్పుడు తీరుతుందో ఈరోజే చూడండి, తీరితే రెన్యూవల్ చేయించండి. గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయల సాయం ఇస్తోంది. 2023 డిసెంబరు 7 నుంచి జరిగిన మరణాలకు ఇది వర్తిస్తుంది, దరఖాస్తు జిల్లా కలెక్టర్ ఆఫీసులో ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ వాళ్ళు ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీని అడగవచ్చు. ఎంబసీ సాయం కావాలంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు.

ఈ రాత్రి డ్యూటీ అయ్యాక ఒక్క పని చేయండి. రేపు మీరు నడపబోయే బండి నాలుగు టైర్ల మీద ఉన్న నాలుగేసి అంకెలు చూసి రాసుకోండి. ఏదైనా ఐదేళ్ళు దాటి ఉంటే, పొద్దున తాళం తీసుకోక ముందే మొదటి మెసేజ్ పంపండి.